రెండు మందలు, ఒక తొట్టి

కొత్తగా విలేకరి పనిలోకి వచ్చిన పిల్లలు నన్ను కలిసినప్పుడు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మీరు రాసిన వాటిలో పెద్ద వార్త ఏది సార్?" ఏ హత్యకేసో, ఏ మంత్రి పదవి ఊడిన సంగతో చెబుతానని వాళ్ల ఆశ. నాకు మాత్రం లోపలి పేజీలో, రైళ్ల రాకపోకల పక్కన, నాలుగు వాక్యాలుగా అచ్చయిన గొర్రెల వార్త గుర్తొస్తుంది. దాన్ని అంత చిన్నగా ఉంచడానికి చాలా తిరగాల్సి వచ్చింది. అది మొదటి పేజీకి ఎక్కి ఉంటే అందులో గొర్రెలు కాదు, మనుషులు ఉండేవాళ్లు.

ఎనభయ్యో దశకం మొదట్లో సంగతి. నేను అనంతపురంలో ఒక దినపత్రికకు జిల్లా విలేకరిని. వాన పడలేదని రాసీ రాసీ నాకే విసుగొచ్చిన కాలం. డెస్కులో వాళ్లు కూడా "కరువు తప్ప ఇంకేమైనా ఉందా మీ జిల్లాలో?" అనేవారు. ఆ శనివారం యాడికి అనే ఊరి వైపు ప్రభుత్వం తెరిచిన గడ్డి డిపోల మీద రాద్దామని బస్సు దిగితే, పశువుల డాక్టరు కనబడ్డాడు. కృష్ణా జిల్లా కుర్రవాడు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. మోటారు సైకిలు ఆపి, "గడ్డి డిపో ఎక్కడికీ పోదండీ. అక్కడ గొర్రెలు పోతున్నాయి. వస్తారా?" అన్నాడు. ఎక్కి కూర్చున్నాను.

ఆ ఊరి పేరు చెప్పను. యాడికి దాటాక నాపరాళ్ల గోడల మధ్య ఉన్న చిన్న పల్లె. ఊరి బయట బావి పక్కన గొర్రెలు నీళ్లు తాగే పొడవాటి రాతితొట్టి ఉంది. తొట్టికి ఒక చివర నిలబెట్టిన బండ మీద ఆంజనేయస్వామిని చెక్కారు. ఎప్పటివాడో, ముక్కూ మొహం అరిగిపోయాడు. మేము పోయేసరికి ఒక నడివయసు ఆడమనిషి చెనిక్కాయ (వేరుశనగ) నూనెలో సిందూరం కలిపి ఆ స్వామికి పూస్తోంది. స్వామికే కాదు, తొట్టి అంచు పొడవునా పూసుకుంటూ వస్తోంది.

"తొట్టికి కూడానా అమ్మా?" అని అడిగాను.

"మొక్కుబడి సామీ. వాన పడేదాకా శనివారం శనివారం తొట్టి గూడా పూస్తానని మొక్కుకున్యా. చూడు, మా గొర్లు గూడా మూతులకు రాసుకుంటాండాయి. తాంబూలం ఏసుకున్న ముత్తైదువల మాదిరి లేవూ?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె ఎవరో అప్పటికి నాకు తెలియదు.

కొంచెం అవతల ఆ చస్తున్న మంద. సగం గొర్రెలు పడి ఉన్నాయి. నిలబడినవి గోడకేసి నడిచి, తల ఆనించి అలాగే నిలబడుతున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ మనిషి ఎదురుగా వచ్చినా తెలియడం లేదు. ఊరికే పళ్లు కొరుకుతున్నాయి. ఆ శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ మంద తప్ప దాని ఆసామి ఇంటికి వేరే ఆధారం లేదు. చేను ఎండిపోయి రెండేళ్లయింది.

డాక్టరు అప్పుడే చచ్చిన ఒక గొర్రెను కోసి, కాలేయం, మూత్రపిండాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. చుట్టూ ఊరంతా మూగింది. అతను తలెత్తి, బడిలో పాఠం చెప్పినట్టు గట్టిగా అన్నాడు: "ఇది జబ్బు కాదు. విషం. మీకు ఎవరితోనైనా తగాదా ఉందా?"

చదువుకునేటప్పుడు అలా అడగాలని ఎవరో చెప్పి ఉంటారు. ఎక్కడ అడగాలో చెప్పి ఉండరు. రాయలసీమలో పదిమంది మధ్య అడిగే ప్రశ్న కాదది. అడిగిన మరుక్షణం జనం మొత్తం ఒకే వైపు తిరిగింది. అటువైపు తలగుడ్డ చుట్టుకున్న ఒకతను గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఉండాది సార్," అన్నాడు గొర్రెల ఆసామి. "ఈ బామ్మర్దితోనే ఉండాది. నా పెండ్లాం తోడబుట్టినోడు. ఒకే బీట్లో మేపుతాం, ఇదే తొట్టిలో తాపుతాం. నాయి సస్తాండాయి. వానివి సూడు, దుక్కల మాదిరి తిరుగుతాండాయి."

"నీ గొర్లు నాకేం అడ్డమొచ్చినాయి బావా?" అన్నాడు బామ్మర్ది లేవకుండానే.

"అవిసె కొమ్మ అడిగితే ఇయ్యనోడివి, ఇసం అడగకుండానే ఇస్తివేమో!"

నలుగురు నవ్వారు. ఆ నవ్వు మంచిది కాదు. తగాదా సంగతి తరువాత తెలిసింది. బామ్మర్ది చేనులోని బావిలో కాస్త నీరు మిగిలింది. గట్టున అవిసె చెట్లు. రోజూ కొమ్మలు నరికి తన మందకు వేసుకుంటాడు. బావ మంద, కాయలు కోశాక మిగిలిన ఎండు చెనిక్కాయ కట్టె తిని బతుకుతోంది. బావ అడిగితే, "నా గొర్లకే సాలవు" అన్నాడట. ఆ మాట ఇద్దరి మధ్యా ముల్లులా ఉండిపోయింది.

బావ కొడుకు, ఇరవై ఏళ్లవాడు, గొర్రెలు తోలే కట్టె ఎత్తాడు. "ఏం మామా, నోరు పెగలదే? పురుగుల మందు యాడ కలిపినావో చెప్పు!" తొట్టి దగ్గర నిలబడిన ఆడమనిషి అప్పుడు పరుగెత్తుకొచ్చి కొడుకు చెయ్యి పట్టుకుంది. సిందూరం అంటిన చేతులు. ఆమె ఎవరో నాకు అర్థమయింది. ఆ పక్క మొగుడు, కొడుకు. ఈ పక్క తమ్ముడు.

"నువ్వు మాట్లాడాకు," అన్నాడు మొగుడు. "వాడే పెట్టినాడని తేలిందనుకో, నువ్వు గూడా వానింటికే పోదువు. ఆ పైన వాని సంగతి నేను చూసుకుంటా."

ఊళ్లో పెద్దమనిషి ఒకాయన మధ్యలోకి వచ్చి చివరకు ఒక మాట మీద నిలబెట్టాడు. "డాక్టరు పరీక్ష చేపిచ్చి ఏ ఇసమో తెలుసుకోనీ. వచ్చే శనివారం దాకా ఎవురూ కట్టె ఎత్తకూడదు. ఆలోగా తేలకపోతే ఊరు మీ మద్దెన నిలబడదు. మీరూ మీరూ చూసుకోండి."

నిలబడదు అంటే ఏమిటో ఆ జిల్లాలో పనిచేసిన వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ సాయంత్రం యాడికి పోస్టాఫీసు నుంచి ట్రంకాల్ చేశాను. డెస్కులో ఉన్న పెద్దాయనకు విషయం వినగానే ఉత్సాహం వచ్చింది. "పాత కక్షలతో గొర్రెలకు విషం. బ్రహ్మాండం. పేర్లు లేకుండా రాయి, కేసుల గొడవ ఉండదు."

"పేరు లేకపోయినా ఊరికి తెలుసండీ. మన పేపరు పొద్దున బస్సులో అక్కడికి పోతుంది. ఎవరు చేశారో మనమే చెప్పినట్టవుతుంది."

"వేరే పేపరు వాడు రాస్తే?"

"రాయనివ్వండి."

అవతల రిసీవరు పెట్టిన చప్పుడు వినిపించింది. ఉద్యోగం గురించి ఆ రాత్రి కొంచెం బెంగపడ్డ మాట నిజం.

మరునాడు డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. ముందు రోజు తానన్న మాట ఏం చేసిందో అతనికి తెలిసింది. మొహం పీక్కుపోయి ఉంది. "పురుగుల మందు లక్షణాలు కావండీ ఇవి. అదైతే ఒక్కరోజులో అన్నీ పోయేవి. ఇది మెల్లగా లోపల పేరుకున్నది. సీసం లాంటిది ఏదో. కానీ ఒకే నీళ్లు తాగిన రెండో మంద ఎందుకు బాగుంది? దానికే నాకు సమాధానం లేదు. ఆ రెండో మందలో ఒక మంచి గొర్రెను కోసి చూడాలి. దాని ఒంట్లో కూడా అదే ఉంటే ఎవరూ పెట్టలేదన్నమాట."

"లేకపోతే?"

అతను కత్తులున్న సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

బామ్మర్దిని పిలిచి అదే మాట చెప్పాడు. అతను చాలాసేపు నేల మీద పుల్లతో గీతలు గీశాడు. "దొరికితే ఏమి సార్, దొరక్కపోతే ఏమి?"

"దొరికితే నువ్వు బయటపడతావు. దొరక్కపోతే నేను చేయగలిగింది లేదు."

"నా గొర్రెను నేనే కోసి, నా మెడకు నేనే ఉరి ఏసుకోమంటాండావు."

"అవును," అన్నాడు డాక్టరు. ఆ కుర్రవాడు అబద్ధం చెప్పనందుకు అప్పటి నుంచి నాకు అతనంటే గౌరవం.

బామ్మర్ది లేచి గుడ్డ దులుపుకున్నాడు. "సరే పట్టండి."

కానీ మేనల్లుడు ఒప్పుకోలేదు. "ఆయప్ప చూపిచ్చింది కాదు. మేం చూపిచ్చిందే కోయాల." మంద మధ్యకు పోయి, అన్నిటికంటే ముందు నడిచే పొట్టేలు కొమ్ము పట్టుకున్నాడు. మెడలో ఇత్తడి గంట ఉన్న పొట్టేలు. ఆ గంట మోత వెంటే రెండు మందలూ బీటికి పోయి వచ్చేవి. ఆ పొట్టేలు లేకపోతే మంద నడవదని వాడికీ తెలుసు. అందుకే దాన్ని పట్టాడు.

"దాన్నే పట్టినావా అల్లుడా," అన్నాడు మేనమామ. కోపంగా అనలేదు. వంగి గంట విప్పి, మొలగుడ్డలో దోపుకుని, అటు తిరిగి కూర్చున్నాడు.

డాక్టరు పొట్టేలును కోశాడు. కాలేయం బయటికి తీసి పళ్లెంలో పెట్టాడు. నిగనిగలాడుతూ, ఎక్కడా మచ్చ లేకుండా ఉంది. చచ్చిన గొర్రె కాలేయం బూడిద రంగు తిరిగి ఉండటం అందరూ చూసినదే. గోల లేచింది.

"చూసినారా! దీనికేం లేదు! పువ్వు మాదిరి ఉండాది!"

"ఇంగేంటికప్పా పరీచ్చ? కండ్లు లేవా మనకు?"

అక్క ముఖం చూశాను. తమ్ముడి వైపు చూస్తోంది. మొదటిసారి ఆ చూపులో అనుమానం కనిపించింది. దానికే అన్నిటికంటే భయం వేసింది నాకు. పెద్దమనిషి గొంతు చించుకుని, "శనివారం అన్నాం, శనివారమే!" అని అరిచి జనాన్ని వెనక్కి నెట్టాడు.

డాక్టరు ఊరు వదిలితే ఏమవుతుందో తెలియదు. అందుకని రెండు గొర్రెల ముక్కలూ సీసాల్లో పెట్టి, ఐసు నింపిన డబ్బాలో దించి, నా చేతికిచ్చాడు. నేను గుంతకల్లు పోయి రైలెక్కాను. దూరపు ఊళ్లో పశువైద్య కళాశాల ఉంది. రైలుపెట్టెలో నా పక్కన కూర్చున్న ఒకాయన, "ఏం తీసుకుపోతున్నారు, మామిడిపండ్లా?" అని అడిగాడు. అవునన్నాను. కాసేపటికి వాసన వచ్చాక ఆయనే లేచి వేరే చోటికి పోయాడు.

కళాశాలలో ఒక ఆచార్యుడికి ఆ డబ్బా అప్పగించాను. వయసు మళ్లినవాడు, మాట నెమ్మది. పరీక్షకు రెండు రోజులు పట్టింది. నేను ఆ వరండా బల్ల మీదే కాలం గడిపాను. బుధవారం పోయింది, గురువారం వచ్చింది. మధ్యాహ్నం ఆయన నన్ను లోపలికి పిలిచాడు.

"చచ్చిన గొర్రె మూత్రపిండంలో సీసం బాగా ఉంది. పొట్టేలు మూత్రపిండంలోనూ ఉంది. దాదాపు అంతే."

"మరి పొట్టేలు కాలేయం అంత బాగుంది గదా సార్?"

ఆయన నన్ను పక్కగదికి తీసుకుపోయాడు. బోనుల్లో ఎలుకలున్నాయి. "వీటన్నిటికీ సీసం కలిపిన నీళ్లే పోస్తున్నాం. ఈ వైపువాటికి విటమిన్ ఇ కూడా ఇస్తున్నాం. ఆ వైపువాటికి లేదు. చూడండి." ఒక వైపు ఎలుకలు బొచ్చు ఊడి మూలకు ముడుచుకున్నాయి. ఇంకో వైపువి మమ్మల్ని చూసి తీగలెక్కాయి. "సీసం ఇనుముకు తుప్పు పట్టినట్టు ఒంట్లో కణాలను తినేస్తుంది. పచ్చి ఆకులో ఆ తుప్పును అడ్డుకునే సరుకు ఉంటుంది. ఎండి నెలలు గడిచిన మేతలో ఉండదు. మీ రెండు మందలకూ మేత ఒకటేనా?"

"కాదు సార్. ఒకదానికి అవిసె కొమ్మలు వేస్తారు."

"అయితే కొంతవరకు అదే కారణం. పూర్తిగా అదేనని చెప్పను. అలాగని ఆకు తింటే సీసం పోదు. ఆ మంద కూడా ఎంతోకాలం ఆగదు. ముందు సీసం ఎక్కడ నుంచి వస్తోందో చూసి ఆపండి. పాత బ్యాటరీలా? పెయింటా? కడుపులో ఎర్రటి పలుకులు కనిపించాయి."

ఎర్రటివి అనగానే నా కళ్ల ముందు ఆ గొర్రెల మూతులు కదిలాయి. తాంబూలం వేసుకున్న ముత్తైదువలు. "సార్, దేవుడికి పూసే సిందూరంలో..."

"సీసమే," అన్నాడాయన. "అంగట్లో దొరికే వాటిలో చాలా మటుకు."

తిరుగు రైల్లో నిద్ర పట్టలేదు. బామ్మర్ది బతికిపోయాడు. కానీ ఆ సీసం తొట్టికి పట్టించిన చేతులు నేను చూశాను. తమ్ముడి మీద ఉన్న కత్తి తీసి అక్క మీద పెట్టడానికా నేను ఇంత దూరం పోయి వచ్చింది?

శుక్రవారం సాయంత్రానికి ఊరు చేరాను. డాక్టరుకు ముందే చెప్పాను. అతను నుదురు కొట్టుకున్నాడు. "ఆ ఎర్రటి పలుకులు నేనూ చూశానండీ. ఎర్రమన్ను అనుకున్నాను." తరువాత నా వైపు చూసి, "పూసిందెవరో చెప్పకుండా చెప్పలేమా?" అన్నాడు. ఈసారి అతను ముందే ఆలోచించాడు.

తొట్టి దగ్గరే అందరూ కూడారు. బావ మందలో ఇంకొన్ని పోయాయి. కొడుకు చేతిలో కట్టె లేదు, కొడవలి ఉంది. బామ్మర్ది వెనక అతని వైపు వాళ్లు కొందరు నిలబడ్డారు. వాళ్ల చేతులు కూడా ఖాళీగా లేవు. ఒక్క రోజు ముందుగానే లెక్క తేల్చుకోవడానికి రెండు వైపులవాళ్లూ తయారై ఉన్నారు.

డాక్టరు మెల్లగా మొదలుపెట్టాడు. రెండు మందల్లోనూ విషం ఒకటే. పొట్టేలులోనూ అదే ఉంది. ఎవరూ పెట్టలేదు. పచ్చి ఆకు తిన్నవి తట్టుకున్నాయి, ఎండుమేత తిన్నవి తట్టుకోలేకపోయాయి, అంతే తేడా.

"ఎవురూ పెట్టకుండా యాడనుంచి ఊడిపడినాది సార్?" అన్నాడు కొడుకు. "ఆకాశం నుంచా? వానే పడలేదే!"

డాక్టరు నా వైపు చూశాడు. నేను తొట్టి వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. కానీ అలా చూడకపోవడాన్ని ఒకరు గమనించారు.

"సిందూరమా సామీ?" అంది అక్క.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె తొట్టి దగ్గరికి పోయి అంచు మీద వేలితో గీసింది. ఎర్రటి పొర లేచి వచ్చింది. గొర్రెలు నాకిన చోట రాయి తెల్లగా కనబడుతోంది. "నూనె వాసనకు నాకుతాండాయి. మూతులు ఎర్రగైతే నేను నవ్వుకున్యా. పూసింది నేనే సామీ. మా తమ్ముడు కాదు."

కొడుకు చెయ్యి దించేశాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవడో, "దేవుని మీదికి తోస్తాండారా ఇప్పుడు?" అన్నాడు. ఇంకొకడు, "ఇంటి ఇసం ఇంట్లోనే ఉండాదన్నమాట" అని కిసుక్కున నవ్వాడు. ఆమె మొగుడి ముఖం నేను చూడలేకపోయాను. అతను చేతులు వెనక్కి కట్టుకుని తొట్టినే చూశాడు. మొన్న ఆమెను ఇంట్లోనుంచి పొమ్మన్నవాడు. ఊరంతా అతని నోటి వైపే చూస్తోంది.

"తాడిపత్రి సంతలో తెచ్చింది నేనే కదప్పా," అన్నాడు చివరకు. ఎవరితో అన్నాడో తెలియదు. "దండిగా పూయి, వాన రాల అని చెప్పింది గూడా నేనే." తరువాత నవ్వినవాడి వైపు తిరిగాడు. "నువ్వేంటికి పండ్లు ఇకిలిస్తావు రా? ఇసక తీసుకురాపో. తొట్టి తోమాల."

అంతే. వంకలోని ఇసుక తెచ్చి చీకటి పడేదాకా ఆ తొట్టిని తోమారు. స్వామిని ఎవరూ తాకలేదు. ఆయన చుట్టూ గొర్రెల నోరు అందకుండా నాపరాళ్లు నిలబెట్టారు. బామ్మర్ది తోమడానికి చెయ్యి వేయలేదు. తనవాళ్లను పొమ్మని, తానూ తన బావి వైపు నడిచిపోయాడు. నింద పోయింది గానీ, పచ్చి ఆకు సంగతి డాక్టరు నోట అందరి ముందూ వచ్చింది. అడిగిన కొమ్మ ఇవ్వలేదన్నది కూడా అందరికీ తెలుసు. అక్క అతని వెనకే రెండడుగులు వేసి ఆగిపోయింది.

మేము ఆ రాత్రి బడి వరండాలో పడుకున్నాం. డెస్కుకు ఏం పంపాలో అక్కడే రాశాను. సిందూరంలో సీసం ఉంటుందని, పశువులు నాకే చోట పూయవద్దని, మేత కరువైన మందలకు వీలైనంత పచ్చి ఆకు వేయమని పశువైద్యులు సూచిస్తున్నారని. ఊరి పేరు లేదు. తరువాత డెస్కు పెద్దాయన, "ఇంతకీ చేసిందెవరు?" అని అడిగితే, "ఎవరూ కాదండీ" అన్నాను. "అయితే వార్తే కాదు" అని లోపలి పేజీలో పడేశాడు. నాకు కావాల్సిందీ అదే.

శనివారం తెల్లవారుతుండగా లేచి తొట్టి దగ్గరికి పోయాం. మిగిలిన గొర్రెలు గోడ పక్కన తలలు వంచి నిలబడ్డాయి. సగం వాటికి చూపు లేదు. దంపతులిద్దరూ వాటి మధ్య కూర్చుని ఉన్నారు. అప్పుడు అవిసె చెట్ల బావి వైపు నుంచి గంట మోత వినిపించింది. పొట్టేలు గంట. చూపులేని గొర్రెలు ఒక్కొక్కటే తలలెత్తి అటు తిరిగాయి.

నెత్తిన మోపెడు అవిసె కొమ్మలతో బామ్మర్ది వస్తున్నాడు. గంట ఇంకా అతని మొలలోనే ఉంది. అడుగేసినప్పుడల్లా మోగుతోంది. మోపు కింద పడేసి, ఎవరి ముఖమూ చూడకుండా, కొమ్మలు విరిచి గొర్రెల నోటికి అందించసాగాడు.

బావ తల తిప్పి ఆ కొమ్మల వైపు చూశాడు.

"అట్ల లావు కొమ్మలు ఏస్తే ఎట్ల తింటాయబ్బీ?" అన్నాడు. "రెమ్మలు తుంచి ఎయ్యి." అని తానూ వచ్చి పక్కన కూర్చుని తుంచడం మొదలుపెట్టాడు.